తిట్టును ఏరేది ఎవరు?

బుల్లి అన్నది మా శ్రీకాకుళం జిల్లాలో తిట్టు కాదు. చిన్నది, ముద్దుది అని అర్థం. పొందూరు వీధుల్లో బుల్లెమ్మలున్నారు, బుల్లమ్మలున్నారు. ఇంట్లో ఆఖరిపిల్ల అయితే అరవయ్యేళ్లొచ్చినా ఆమె బుల్లే. బాయి అన్నదీ తిట్టు కాదు. ఉర్దూలో, మరాఠీలో ఆడవాళ్ల పేరు వెనక గౌరవంగా చేరే మాట. వినడానికి ఇంత మెత్తగా వున్న ఈ రెండు శబ్దాల్నీ పక్కపక్కన పెట్టి, 2022 జనవరి 1న, కొత్త సంవత్సరం కానుకగా, ఈ దేశంలో వందమందికి పైగా ముస్లిం ఆడవాళ్లని వేలానికి పెట్టారు.

అక్కడి బుల్లి మన బుల్లి కాదు. ముల్లా అనే మాటని ముస్లిం ఆడవాళ్ల కోసం వెటకారంగా తిప్పి ముందొక తిట్టు తయారుచేశారు. దాన్ని పట్టుకునే వీల్లేకుండా మొదటి అక్షరం మార్చి సుల్లీ అన్నారు. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' పేరుతో ఎనభై మందికి పైగా ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు గిట్‌హబ్ అనే వేదిక మీదికెక్కాయి. అప్పుడు కేసులు పెట్టారు, అరెస్టుల్లేవు. ఆరునెలలకి ఇంకో అక్షరం మార్చుకుని 'బుల్లీ బాయి' వచ్చింది. జర్నలిస్టులు, లాయర్లు, విద్యార్థినులు... మాట్లాడే ప్రతి ముస్లిం ఆడమనిషీ సరుకే. 2016 నుంచి కనిపించకుండా పోయిన కొడుకు నజీబ్ కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఫాతిమా నఫీస్ ఫొటో వుంది. హైదరాబాదు సామాజిక కార్యకర్త, అరవై దాటిన ఖాలిదా పర్వీన్ ఫొటో వుంది. ఈసారి అరెస్టులు జరిగాయి. దొరికినవాళ్లు ఇరవై యేళ్ల అటూ ఇటూ పిల్లలు. వాళ్లలో పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల వొకతె.

దాని తెర మీద కనిపించే వాక్యం ఏమిటి? ఈ రోజు మీ బుల్లీ బాయి ఫలానా ఆమె- అంతే. అందులో వొక్క బూతు లేదు. బెదిరింపు లేదు. వ్యాకరణం తప్పలేదు. పక్కింటివాళ్లకి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినంత మర్యాదగా వుంది. అమ్మకం మాత్రం జరిగిపోయింది.

ఇప్పుడు కంప్యూటర్ సైన్సువాళ్లు మనకో మాట ఇస్తున్నారు. సోషల్ మీడియాలో ఆడవాళ్లని కించపరిచే భాషని యంత్రమే పట్టేస్తుందట. మనిషి చూడక్కర్లేదు, కేసు పెట్టక్కర్లేదు, కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. రాసిన మరుక్షణం అది కనిపెట్టి తీసేస్తుందట. ఈ మాటని వెక్కిరించడం నా వుద్దేశం కాదు. పేపర్లో పేరుతో వ్యాసం రాసిన ప్రతి ముస్లిం ఆడమనిషికీ కింద కామెంట్లు ఎలా వుంటాయో తెలుసు. అవి చదవకుండా రోజు గడిస్తే ఎంత హాయో కూడా తెలుసు. కానీ అడగాల్సిన ప్రశ్న వొకటుంది. యంత్రం తిట్టుని పట్టుకోవాలంటే, ముందు ఏది తిట్టో ఎవరో దానికి చెప్పాలి. ఆ చెప్పేది ఎవరు?

యంత్రం చదువుకునే తీరు చూద్దాం. వేలకొద్దీ కామెంట్లు పోగుచేస్తారు. కొందరు మనుషుల్ని కూర్చోబెట్టి వొక్కోదానికి ముద్ర వేయిస్తారు- ఇది కించపరిచేది, ఇది కాదు. ఆ ముద్రల్లోంచి పోలికలు ఏరుకుని, కొత్త కామెంటు రాగానే ఇది దేనికి దగ్గరగా వుందో యంత్రం లెక్కగడుతుంది. 2023లో ఇంగ్లీషు కోసం ఇలాంటి పెద్ద ప్రయత్నం జరిగింది. రెడిట్, గ్యాబ్ అనే వేదికల నుంచి తీసిన 20,000 రాతలకి ముద్రలు వేశారు. వేసినవాళ్లంతా శిక్షణ పొందిన ఆడవాళ్లే. అందులో నాలుగు పెద్ద తరగతులున్నాయి: బెదిరింపు, దిగజార్చడం, అక్కసు, దురభిప్రాయాన్ని సమర్థించే చర్చ. మెచ్చుకుంటున్నట్టు నటిస్తూ చులకన చేయడం కూడా అక్కసు కిందికి వచ్చింది. మంచి పనే. వాళ్ల భాషకి వాళ్లు చేసుకున్నారు.

తెలుగు సంగతేమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల 11 లక్షలమంది మాతృభాష. 2024లో ద్రావిడ భాషల సాంకేతిక సదస్సులో తెలుగు-ఇంగ్లీషు కలగలిపి రాసే ద్వేషపు రాతల్ని గుర్తించే పోటీ పెట్టారు. 2025లో అదే సదస్సులో ఆడవాళ్లని తిట్టే రాతల మీద ప్రత్యేకంగా పోటీ పెడితే అది తమిళ, మలయాళాలకే. అంటే మన భాషలో 'ద్వేషం' అనే పెద్దసంచీ వొకటి దొరికింది. అందులో ఆడదాని మీది ద్వేషానికి వేరే అర లేదు. ముస్లిం ఆడదాని మీది ద్వేషానికి అర అసలే లేదు.

అర కుట్టడం కూడా తేలిక కాదు. ఎందుకంటే తెలుగులో ఆడదాని మీది చులకన తిట్లలో లేదు, వ్యాకరణంలోనే వుంది. అతను వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. మన పాత వ్యాకరణంలో మగవాడు మహత్తు- గొప్పవాడు. ఏకవచనంలో ఆడదాని క్రియ పశువులతో, వస్తువులతో కలిసిపోతుంది. అదే పదిమంది ఆడవాళ్లు కలిస్తే 'వచ్చారు'. వొంటరిగా వుంటే బస్సు, గుంపులో వుంటే మనిషి! 'అది' అనే సర్వనామం తల్లి కూతుర్ని అంటే ముద్దు, స్నేహితురాలు అంటే చనువు, ముక్కూమొహం తెలియనివాడు అంటే చెప్పుదెబ్బ. అక్షరాలు రెండే, మారవు. యంత్రం చూసేది అక్షరాల్ని. తగిలే దెబ్బ వుండేది ఆ మాట అన్నవాడికీ పడినామెకీ మధ్య.

జిల్లా మారితే మాట మారుతుంది. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు. 'ఏటే గుంటా, బువ్వ తిన్నావేటి?' అని మా పొందూరులో పెద్దమ్మ అడిగితే కడుపు నిండుతుంది. అదే మాట బెజవాడ అవతల విసురుగా అంటే గొడవవుతుంది. నిఘంటువు చూసిన యంత్రానికి గుంట అంటే గొయ్యి. ఇక్కడ తోడబుట్టిన పెద్దామె అప్ప. మా ఇళ్లలో ఆపా. శబ్దంలో వొక్క దీర్ఘమే తేడా, వరస వొకటే. ఈ జిల్లాలో మేం నూటికి వొక్కరం కూడా లేం. కానీ శ్రీకాకుళం జామియా మసీదు కట్టింది 1641లో. మూడు వందల ఎనభై యేళ్లకి పైగా అప్పలూ ఆపాలూ వొకే బావి దగ్గర నీళ్లు తోడుకున్నారు. ఆ బంధుత్వం తెలిసిన చెవికే ఏ పిలుపు ఆప్యాయతో, ఏ పిలుపు ఎగతాళో తెలుస్తుంది. ఉర్దూ మాటని తెలుగు లిపిలో, తెలుగు మాటని ఇంగ్లీషు లిపిలో, పదిమంది పదిరకాల స్పెల్లింగుతో రాస్తుంటే, బయటినుంచి వచ్చిన యంత్రానికి తెలిసేదేముంది?

అసలు చెడ్డమాట వుంటేనే చులకన అనుకోవడం పొరపాటు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ని నమ్మరాదు- ఇందులో బూతేది? ఔరత్ కీ అఖల్ గుద్దీ పీఛే- ఆడదాని తెలివి మెడ వెనక అని మా ఉర్దూలో. అందులోనూ బూతు లేదు. రెండు భాషల్లోనూ పెద్దలు నవ్వుతూ చెప్పే మాటలివి. పెళ్లిపందిట్లో చెబుతారు, పంచాయతీలో చెబుతారు, అసెంబ్లీలో చెబుతారు. తిట్టు వొక్కరికి తగులుతుంది. సామెత పుట్టబోయే ఆడపిల్లకి కూడా తగులుతుంది.

దీనికి తిరగేసిన సంగతి చూడండి. గురజాడ అప్పారావు విజయనగరంలో కూర్చుని కన్యాశుల్కం రాశారు. 1892లో ప్రదర్శన, 1897లో అచ్చు. ఆడపిల్లల్ని కట్టి అమ్మేవాళ్ల మీద రాసిన నాటకం అది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 శుల్కపు పెళ్లిళ్లు లెక్కకొచ్చాయని ఆయనే ముందుమాటలో రాశారు. ఐదేళ్ల లోపు పిల్లలు, ఏడాది పిల్లలు కూడా వాటిలో వున్నారు. ఆ అమ్మకాన్ని చూపించడానికి ఆయన అమ్మేవాడి నోటినీ కొనేవాడి నోటినీ వున్నదున్నట్టు దించారు. ఆ నాటకాన్ని యంత్రానికి పెడితే ఏమవుతుంది? ఆడవాళ్ల మీది తిట్ల లెక్కన ఎర్రజెండా ఎగరేస్తుంది. ఈ రోజు మీ బుల్లీ బాయి ఫలానా అన్న వాక్యాన్ని మాత్రం పచ్చజెండా వూపి పంపేస్తుంది. అమ్మకాన్ని ఎదిరించిన రాత నేరమవుతుంది, అమ్మకం మర్యాదగా సాగిపోతుంది.

యంత్రం పిచ్చిది కాబట్టి ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. దాని వెనక మన సమాజపు లెక్కే వుంది. వొక కామెంటుని ముగ్గురికి చూపిస్తారు. ఇద్దరు కాదంటే, వొక్కరు అవునంటే, ముద్ర 'కాదు' అని పడుతుంది. ఆ వొక్కరూ ఎవరు? ఆ ముగ్గురిలో ఆ మాట తగిలే వొంటికి దగ్గరగా వున్న మనిషి అయివుండొచ్చు. బుల్లీ బాయి అంటే ఏమిటో తెలిసిన మనిషి అయివుండొచ్చు. ఆమె గాయం వోట్లలో ఓడిపోయింది. మెజారిటీకి నొప్పి తెలియకపోతే నొప్పి లేనట్టే అని తీర్పు! ఎన్నికల్లో మైనారిటీకి జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అక్కడ కనీసం ఐదేళ్లకోసారి మళ్లీ అడుగుతారు. ఇక్కడ వొకసారి వేసిన ముద్ర కోట్ల రాతల మీద తీర్పయి కూర్చుంటుంది.

ఇది పరిశోధకులకి తెలియని విషయం కాదు. స్పానిష్, ఇంగ్లీషు భాషల్లో ఈ పనే చేస్తున్న ఎగ్జిస్ట్ అనే పోటీవాళ్లు 2023 నుంచి భిన్నాభిప్రాయాన్ని తుడిచేయకుండా, ఎందరు అవునన్నారో ఎందరు కాదన్నారో అలాగే యంత్రానికి నేర్పుతున్నారు. మన దేశంలో 2022లో టాటిల్, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థలు కలిసి 'ఉలి' అనే పనిముట్టు చేశాయి. హిందీ, తమిళం, మన దేశపు ఇంగ్లీషుల్లో ఆడవాళ్ల మీది తిట్లని చదివేవాళ్ల కళ్లబడకుండా చెరిపే పనిముట్టు. దానికి ముద్రలు వేసింది అలాంటి దాడుల్ని ఎదుర్కొన్న, వాటి మీద పనిచేసిన కార్యకర్తలూ పరిశోధకులే. దెబ్బ తిన్నవాళ్లే దెబ్బ ఏదో చెప్పాలన్నది వాళ్ల సూత్రం. నాకు నచ్చిన సూత్రం. మన తెలుగులోనూ ఉలి ఉలే. కానీ ఆ ఉలి తెలుగు రాతి మీద పడలేదు.

దెబ్బ అందరికీ సమానంగా తగలదనడానికి లెక్కలు కూడా వున్నాయి. 2019 పార్లమెంటు ఎన్నికల రోజుల్లో 95 మంది మహిళా రాజకీయ నాయకులకి తగిలిన 1,14,716 ట్వీట్లని ఆమ్నెస్టీ పరిశీలించి 2020లో ప్రకటించింది. వాటిలో 13.8 శాతం- ప్రతి ఏడింటిలో వొకటి- వేధించేది, లేదా అభ్యంతరకరమైనది. ముస్లిం మహిళా నాయకులకి మాత్రం ఇతర మతాల మహిళలకంటే 94.1 శాతం ఎక్కువగా మతం, జాతి పేరుతో తిట్లు పడ్డాయి. హిందూ ఆడమనిషిని తిట్టేవాడు ఆడదానివని తిడతాడు. మమ్మల్ని ఆడదానివనీ తిడతాడు, తురకదానివనీ తిడతాడు. రెండూ వొకే వాక్యంలో కలిసివుంటాయి. ఆడదాని మీది భాషని వెతికే యంత్రం సగం చూస్తుంది. మతద్వేషాన్ని వెతికే యంత్రం మిగతా సగం చూస్తుంది. రెంటి మధ్యనున్న మనిషిని ఏదీ చూడదు.

ఇంకా ఘోరమైన సంగతి వుంది. మాకు రక్షణగా వచ్చిన యంత్రం మా నోరే మూయొచ్చు. ఇంటర్నెట్టులో ముస్లిం అన్న మాట చుట్టూ అంత విషం వుంది కాబట్టి, ఆ మాటే విషమని యంత్రం నేర్చుకుంటుంది. గే, ముస్లిం వంటి గుర్తింపు మాటలుంటేనే మామూలు వాక్యాన్ని కూడా చెడ్డదిగా లెక్కగట్టే జబ్బు వుందని 2018లోనే గూగుల్ పరిశోధకులు రాశారు. 2019లో అమెరికాలో నల్లవాళ్లు తమలో తాము మాట్లాడుకునే ఇంగ్లీషుని యంత్రాలు ఎక్కువగా అభ్యంతరకరమని ముద్రవేస్తున్నాయని తేలింది. 2021లో జీపీటీ-3 అనే భాషాయంత్రానికి ఇద్దరు ముస్లింలు లోపలికి వచ్చారు అన్న అర్థమొచ్చే ముక్క ఇచ్చి పూర్తిచేయమంటే, నూటికి 66 సార్లు హింసతో పూర్తిచేసింది. ఆ యంత్రం తర్వాత కొత్తవి చాలా వచ్చాయి. కానీ అది చదివిన లోకం మారిందా? అబ్బాజాన్ నమాజుకి వెళ్లొచ్చి చాయ్ తాగాడని రాసినా అనుమానంగా చూసే లోకం అది. 'నన్ను తురకదానా అని తిట్టారు' అని వొక ఆడపిల్ల తన గోడ మీద రాసుకుంటే, తిట్టినవాడి రాతా, తిట్లు తిన్న పిల్ల రాతా యంత్రానికి వొకేలా కనబడతాయి. ఎవరిది పోతుంది? ఫిర్యాదులు ఎవరిమీద ఎక్కువ పడితే వాళ్లది. గుంపు ఎవరిదో మనకి తెలుసు.

కాబట్టి ఇది భావప్రకటన స్వేచ్ఛ ప్రశ్న కూడా. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ని కొట్టేసింది. చికాకు కలిగించే రాత, అభ్యంతరకరమైన రాత అనే వదులు మాటలతో ఎవరినైనా జైల్లో వేయొచ్చన్నందుకు. యంత్రం చేతిలో ఇప్పుడున్నవి అంతకంటే వదులు మాటలు. 66ఎ కింద పట్టుకుంటే కనీసం కోర్టులో నిలబడి ఎందుకని అడిగే వీలుండేది. యంత్రం తీసేసిన రాతకి ఎందుకు తీసేశావంటే సమాధానం చెప్పేదెవరు?

ఇక మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఈ మాట్లాడ్డానికి అర్థం లేదు. ముస్లిం ఆడమనిషి తలాక్ గురించి రాస్తే, ఆస్తిలో వాటా గురించి రాస్తే, మసీదులో నమాజుకి చోటు అడిగితే, కామెంట్ల కింద మా సోదరులే వరసకడతారు. వాళ్లు బూతులు రాయరు. 'బెహన్, అల్లా నీకు హిదాయత్ ఇచ్చుగాక' అని రాస్తారు. సన్మార్గం చూపమని దువా చేయడం మా ఇళ్లలో అమ్మ బిడ్డకి చేసే పని. అదే దువా రెండువందలమంది మగవాళ్లు వొక రాత్రిలో వొక ఆడమనిషికి చేస్తే అది దువా కాదు, నోర్మూసుకోమని హుకుం. ఈ హుకుంని ఏ యంత్రం పడుతుంది? ప్రార్థనలా వుంది కదా! బయటివాడు మమ్మల్ని వేలం వేస్తే కౌమ్ అంతా కదిలింది, కదలాలి కూడా. కానీ మా ఆడవాళ్ల గౌరవం అని అరిచిన గొంతుల్లో కొన్ని ఆ మర్నాడే ఫొటోలు పెట్టుకోవడం దేనికి, ఫేస్‌బుక్ దేనికి, ఇంట్లో వుండొచ్చు కదా అన్నాయి. వేలంవేసినవాడూ ఇంట్లో వుండమన్నవాడూ చివరికి కోరుతున్నది వొకటే: ఆమె కనిపించకూడదు, వినిపించకూడదు. తిట్టుకి అసలు నిర్వచనం ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం. వాడిన మాటని బట్టి కాదు, ఆ మాట పడ్డాక ఎవరి నోరు మూతపడిందన్నదాన్ని బట్టి తిట్టుని తిట్టనాలి.

అయితే యంత్రం వద్దా? అలా అనలేను. రోజుకి కోట్లకొద్దీ వచ్చే రాతల్ని మనుషులే చదవాలంటే, చదివే మనుషుల మాటేమిటి? ఫేస్‌బుక్ రాతల్నీ వీడియోల్నీ ఏరే పనిలో హైదరాబాదులో వందలమంది యువతీయువకులు కొద్దిజీతానికి పొద్దస్తమానం చావుల్నీ చిత్రహింసల్నీ చూడాల్సివస్తోందని 2019లో వార్తలొచ్చాయి. మన కన్ను కాపాడుకోవడానికి ఇంకొకరి కన్ను పొడవడం న్యాయం కాదు. యంత్రం పని యంత్రం చేయాలి. ఎక్కడిదాకా అన్నదే ప్రశ్న.

పొందూరు ఖద్దరు సన్నదనం అందరికీ తెలుసు. అది ఎలా వస్తుందో తక్కువమందికి తెలుసు. కొండపత్తి గింజని వాలుగ చేప దవడ ఎముకతో ఆడవాళ్లు దువ్వుతారు. ఆ చిన్న చిన్న పళ్లకి ఆకుముక్క, నలుసు తగులుకుని వచ్చేస్తాయి, దూదిపోగు తెగదు. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, వొంటికదురు రాట్నం మీద వడకడం. మిల్లులో యంత్రం దీనికి వెయ్యిరెట్లు పత్తిని వొక్కపూటలో శుభ్రం చేస్తుంది. నలుసుతో పాటు పొడుగుపోగునీ తెంపేస్తుంది. దవడ కూడా పనిముట్టే, మనిషి చెయ్యి కాదు. కానీ ఎక్కడ ఆపాలో చేతికి తెలుసు. ఏకడం మా వాళ్ల పని కూడా. దూదేకుల అన్నది ఆ పనిలోంచి పుట్టిన పేరే. ఆ పని పేరునే వెటకారంగా పలికి తిట్టు చేసిందెవరో, నూర్‌బాషా అని పిలిపించుకోవాలని ఎందుకు పోరాడాల్సి వచ్చిందో ఏ నిఘంటువులోనూ వుండదు. ఏకిన చేతుల్ని అడిగితే తెలుస్తుంది.

అందుకే అడుగుతున్నాం. తెలుగులో ఆడవాళ్ల మీది భాషని పట్టే యంత్రం చేసేవాళ్లు మా దగ్గరికి రావాలి. ముద్రలు వేసేవాళ్లలో దళిత ఆడవాళ్లుండాలి, ముస్లిం ఆడవాళ్లుండాలి, రాట్నం ముందు కూర్చున్న ఆడవాళ్లుండాలి. శ్రీకాకుళం మాటకి శ్రీకాకుళం చెవి, పాతబస్తీ మాటకి పాతబస్తీ చెవి వుండాలి. వాళ్లకి కూలి గిట్టాలి, వాళ్ల కళ్లకీ మనసుకీ విరామం వుండాలి. ముగ్గురిలో వొక్కామె 'నాకు తగిలింది' అంటే ఆ మాటని వోట్లతో కొట్టేయకూడదు. ఆమెని ఎందుకని అడగాలి, ఆమె చెప్పింది రాసుకోవాలి. యంత్రం అనుమానం చూపించాలి, తీర్పు మనిషి చెప్పాలి. తీసేసిన రాతకి కారణం మన భాషలో చెప్పాలి, కాదని వాదించే చోటుండాలి.

ఇదంతా చేసినా తిట్టేవాడు రేపు ఇంకో అక్షరం మారుస్తాడు. ముల్లీ సుల్లీ అయినట్టు, సుల్లీ బుల్లీ అయినట్టు. యంత్రం ఎప్పుడూ వొక అక్షరం వెనకే వుంటుంది. ఆ కొత్త అక్షరం ఎవరి మీద పడుతుందో ఆమెకి మాత్రం మొదటిరోజే తెలుస్తుంది. తెలిసి చెబుతుంది కూడా. 2021లో చెప్పినప్పుడు ఆరునెలలు ఎవరూ వినలేదు. అందుకే 2022 వచ్చింది. వినడం యంత్రానికి నేర్పే పని కాదు. పోలీసుస్టేషన్‌కీ, పేపరు ఆఫీసుకీ, మసీదు కమిటీకీ, ఇంట్లో మగవాళ్లకీ నేర్పాల్సిన పని.